మాస్టరు వెళ్ళిపోయాక

ప్రభుత్వ బడుల్లో ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా చదివే ఆడపిల్లలకు సమగ్ర శిక్ష కింద ఆత్మరక్షణ నేర్పిస్తున్నారు. రాణీ లక్ష్మీబాయి పేరు పెట్టిన ఆ పథకంలో శిక్షణ మూడు నెలలు. చాలాచోట్ల నేర్పేది కరాటేనే. మాస్టరు వస్తాడు, మైదానంలో పిల్లల్ని వరసలు కట్టిస్తాడు, నిలబడే తీరు, పిడికిలి బిగించే తీరు, కొన్ని పంచ్‌లు, బ్లాక్‌లు, ఒకటి రెండు కిక్‌లు నేర్పుతాడు. గడువు తీరాక వెళ్ళిపోతాడు. నెల్లూరు టౌనులో ఉండే పిల్లకైతే ఆ తర్వాత ఇంకో దారి ఉంది. ఇంట్లో ఒప్పుకుని, ఫీజు కట్టే స్తోమత ఉంటే సాయంత్రం క్లాసులో చేరొచ్చు. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. ఆత్మకూరు నుంచి యాభై దాటుతుంది. సోమశిల డ్యాము చుట్టుపక్కల పల్లెల నుంచి ఆత్మకూరు రావాలన్నా బస్సు వేళ చూసుకుని బయల్దేరాలి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. తొమ్మిదో తరగతి పిల్లను వారానికి రెండు మూడు సార్లు అంత దూరం తీసుకెళ్ళి తీసుకొచ్చే తీరిక మెట్ట చేలల్లో, నిమ్మతోటల్లో కూలికి పోయే తల్లిదండ్రులకు ఎక్కడుంటుంది? అందుకే నెల్లూరు జిల్లాలోని ఈ పడమటి మండలాల్లో కరాటే శిక్షణ ఎలా సాగిందో తెలియాలంటే నాలుగో నెలలో చూడాలి. మాస్టరు లేని ఆ నెలలో, ఆ పిల్ల తన ఇంట్లో ఏం చేస్తోందో చూడాలి.

ఇంట్లో చేసే సాధనను మనం క్లాసుకు అనుబంధంగా చూస్తాం. వీలుంటే మంచిదే, లేకపోయినా క్లాసుకు పోతే చాలనుకుంటాం. ఈ లెక్క తలకిందులుగా ఉందని నా వాదన. క్లాసులో జరిగేది చూపించడం, దిద్దడం. విద్య ఒంటికి పట్టేది ఇంట్లోనే, ఒకే పని మళ్ళీ మళ్ళీ చేస్తుంటే. ఒక గంట క్లాసునే తీసుకుందాం. మైదానంలో నలభై మంది పిల్లలున్నారనుకుందాం. హాజరుకూ, వరసలు కట్టడానికీ, ఒళ్ళు వేడెక్కించే వ్యాయామానికీ పోయిన సమయాన్ని వదిలేసి మొత్తం గంటనూ పంచినా, ఒక్కో పిల్లకు మాస్టరు చూపు దక్కేది నిమిషంన్నర. ఆ నిమిషంన్నరలో మంచి మాస్టరు చేయగలిగింది ఒక్కటే: వెనక కాలి మడమ పైకి లేస్తోందనో, భుజం బిగుసుకుంటోందనో చెప్పి సరిచేయడం. ఆ సరిచేసిన మడమ ఎప్పుడూ నేల మీదే ఉండాలంటే కొన్ని వందలసార్లు అడుగు వేయాలి. ఆ వందల అడుగులకు క్లాసులో చోటు లేదు. మాస్టరు ఎంత గొప్పవాడైనా ఆ అడుగులు ఆయన వేసి పెట్టలేడు.

దీనికి యుద్ధకళతో సంబంధమే లేని చోట ఒక గట్టి సాక్ష్యం ఉంది. బ్రిటన్ తపాలా శాఖ ఉత్తరాల విభజనకు యంత్రాలు తెచ్చినప్పుడు పోస్టుమెన్లకు కీబోర్డు మీద వేళ్ళు ఆడించడం నేర్పాల్సి వచ్చింది. బాడ్లీ, లాంగ్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు వాళ్ళను జట్లుగా విడదీశారు. ఒక జట్టు రోజుకు ఒక్క గంట నేర్చుకుంది. ఇంకో జట్టు రోజుకు రెండు విడతలుగా మొత్తం నాలుగు గంటలు కూర్చుంది. తక్కినవి ఆ రెంటికీ మధ్య. 1978లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, మొత్తం గంటలు లెక్కిస్తే అందరికన్నా తక్కువ శ్రమతో నేర్చుకున్నది రోజుకు గంట చేసిన జట్టు. నాలుగు గంటల జట్టు తక్కువ రోజుల్లో పూర్తిచేసింది గానీ చాలా ఎక్కువ గంటలు ఖర్చుపెట్టింది. ఆ పరిశోధనలో నన్ను పట్టి ఆపిన సంగతి ఇంకొకటుంది. తమ శిక్షణ పట్ల అందరికన్నా అసంతృప్తిగా ఉన్నదీ ఆ గంట జట్టే. రోజులు గడుస్తున్నా వెనకబడిపోతున్నామని వాళ్ళకు అనిపించింది. అంటే మన ఒంటికి ఏది మేలు చేస్తోందో మన మనసుకు తెలియకపోవచ్చు. వారాంతంలో ఒక్కరోజు చెమటలు కక్కేలా మూడు గంటలు చేస్తే చాలా చేశామనిపిస్తుంది. ఇంటి వసారాలో రోజూ ఇరవై నిమిషాలు చేస్తే ఏమీ చేయనట్టే ఉంటుంది. ఆ అనిపించడాన్ని నమ్మి ఎందరో ఇంటి సాధన మానేస్తున్నారు. మూడు నెలల్లో కుక్కి పెట్టి తొమ్మిది నెలలు వదిలేసే శిక్షణ కూడా అదే పొరపాటు మీద నిలబడి ఉంది.

కరాటే పుట్టిన ఓకినావాలో ఇప్పుడు మనం చూసే క్లాసు పాతది కాదు. వరసలు కట్టి, అంకెలు పలుకుతూ, అందరూ ఒకేసారి పంచ్ విసిరే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో ఇటోసు అంకో అనే ఆయన కరాటేను బడుల్లోకి తెచ్చాక వచ్చింది. అంతకు ముందు అది పెరళ్ళలో, ఒకరిద్దరు శిష్యులకు, చాలావరకు రాత్రిపూట నేర్పే విద్య. తర్వాత కరాటేను జపాన్ ప్రధాన భూభాగానికి తీసుకెళ్ళిన గిచిన్ ఫునాకోషి పగలు బడిపంతులుగా పనిచేస్తూ రాత్రిళ్ళు అజాతో అనే గురువు ఇంటి పెరట్లో ఒకే కటాను, అంటే ఒంటరిగా చేసే కదలికల వరసను, నెలల తరబడి చేసేవాడు. గురువు కూర్చుని చూస్తూ ఇంకోసారి చెయ్యమనేవాడు. మెచ్చుకోలు బహు అరుదు. తెక్కి అనే మూడు కటాల మీదే తను పదేళ్ళు గడిపానని ఫునాకోషి రాసుకున్నాడు. అది గురువుగారి పెరడే గానీ శిష్యుడి ఇల్లు కాదుగదా అనొచ్చు. నిజమే. కానీ కరాటేను మైదానానికెక్కించిన ఇటోసు మాట కూడా వినండి. 1908లో ఆయన విద్యాధికారులకు రాసిన లేఖలో, కరాటే త్వరగా వచ్చేది కాదనీ, రోజూ గంటో రెండు గంటలో శ్రద్ధగా చేస్తే మూడు నాలుగేళ్ళలో ఒంటి తీరే మారుతుందనీ చెప్పాడు. ఆయన రోజులూ ఏళ్ళూ లెక్కపెట్టాడు. బడిలో వారానికి కొన్ని గంటలు చాలని ఆయన అనుకోలేదు.

అంత దూరం పోనక్కర్లేదు, ఉదయగిరి కొండ ఎక్కి చూస్తే ఇంకో సాక్షి దొరుకుతాడు. గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచాడు. అక్కడి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు, 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు వర్తకుడు రాయల దినచర్య రాసిపెట్టాడు. తెల్లవారకముందే లేచి అరలీటరుకు కాస్త తక్కువగా నువ్వులనూనె తాగుతాడు. ఒంటినిండా అదే నూనె పూసుకుంటాడు. నడుముకు చిన్న గుడ్డ చుట్టుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తుతాడు. తర్వాత కత్తి పట్టి, పూసుకున్న నూనె అంతా చెమటగా కారిపోయేదాకా సాము చేస్తాడు. ఆ పైన తన మల్లుల్లో ఒకడితో కుస్తీ. చివరకు గుర్రమెక్కి తెల్లవారేదాకా మైదానంలో దౌడు. ఈ వరసను జాగ్రత్తగా చూడాలి. రాజ్యంలోని వస్తాదులందరూ పిలిస్తే పలికే మనిషి అతను. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎదురు నిలబడే జోడీ ఉంది. అయినా బరువులూ కత్తీ ఒంటరిగానే, ముందుగా. జోడీతో కుస్తీ ఆ తర్వాత. ఏడాదిన్నర ముట్టడి నడిపి గెలిచిన రాజు కూడా రోజూ మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టేవాడని దీన్నిబట్టి తెలుస్తోంది. దండీలు, బస్కీలు, కర్రసాము మన ఊళ్ళలో ఒకప్పుడు ఇలాగే తెల్లవారుజాము పనులు. అవి పండగ ప్రదర్శనకు మాత్రమే మిగిలినచోట, పీర్ల పండగకో దసరాకో నాలుగు రోజుల ముందు కర్ర దించి, పండగయ్యాక మళ్ళీ అటకెక్కించినచోట, విద్య పెద్దవాళ్ళతోపాటు ముసలిదైపోయింది.

ఉదయగిరిలోనే దీనికి తిరగేసిన ఉదాహరణ ఉంది. దిలావర్‌భాయి వీధిలో చేసే చెక్క స్పూన్లు, ఫోర్కులు, దువ్వెనలు దూరదేశాల దాకా పోతాయి. కొండ మీది నర్ది, బిక్కి కర్రను చెక్కి, ఆకురాయితో అరగదీసి వాటిని చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది ఇన్ని తరాలు నిలవడానికి ఒక కారణం, పని ఇంట్లోనే ఉండటం. పిల్లలు చూస్తూ పెరుగుతారు, చేతికి ఉలి అందే వయసు రాగానే ఏదో ఒక ముక్క గీకుతారు, పక్కనున్న పెద్దావిడ పట్టు సరిచేస్తుంది. నేర్పడానికో గంటా, చేయడానికో గంటా అని అక్కడ వేరుగా ఉండవు. కరాటేకు ఆ భాగ్యం లేదు. అది బయటినుంచి వచ్చింది, ఇంట్లో తెలిసిన పెద్దలు లేరు. కాబట్టే ఇంటి సాధన మీద వచ్చే అభ్యంతరాలను కొట్టిపారేయకుండా వినాలి.

మొదటిది, అందరూ చెప్పేది, చాలా బలమైనది కూడా: దిద్దేవాళ్ళు లేకుండా చేస్తే తప్పు గట్టిపడుతుంది. వెయ్యిసార్లు తప్పుగా వేసిన పంచ్ వెయ్యిసార్లు మంచి పంచ్ వేసినంత గట్టిగానే ఒంట్లో నాటుకుంటుంది, దాన్ని పెరకడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం. ఇది కాదనలేని మాట. కానీ దీనివల్ల ఇంట్లో చేయకూడదని తేలదు. ఇంట్లో ఏది చేయాలో, ఏది చేయకూడదో తేలుతుంది. క్లాసులో మాస్టరు చూసి సరేనన్న కదలికను మాత్రమే ఇంటికి తీసుకెళ్ళాలి. నిన్న చూపించిన కొత్త కిక్కును ఇవాళ పెరట్లో ప్రయత్నించకూడదు. వేగం వద్దు, ఎందుకంటే వేగం తప్పును దాచేస్తుంది. అద్దం లేకపోతే గోడ మీద పడే నీడ చాలు, నేల మీద సుద్దగీత చాలు, పాదాల మధ్య దూరం ప్రతిసారీ ఒకటేనా కాదా అని తేల్చుకోవడానికి. ఫోను ఉంటే తన కదలిక తనే తీసుకుని చూసుకోవచ్చు. ఆ ఫోన్లోనే రోజుకో కొత్త వీడియో చూసి దాన్ని అనుకరించడం మాత్రం నా దృష్టిలో సాధన కిందకు రాదు. అది తెలియని మాస్టర్లు పదిమంది ఒకేసారి పాఠం చెప్పడం, వాళ్ళలో ఒక్కరికీ ఈ పిల్ల మడమ కనిపించదు. అన్నిటికన్నా ముఖ్యం, మళ్ళీ దిద్దే చూపు దగ్గరకు పోవడం. ఇంటి సాధన క్లాసును తీసేయమనదు. క్లాసుకు పోయేటప్పుడు చేతిలో ఒక ప్రశ్న ఉండేలా చేస్తుంది.

రెండో అభ్యంతరం దగ్గర నేను చాలా ఒప్పుకోవాలి. ఎదురుగా మనిషి లేనిదే యుద్ధకళ లేదు. దూరం అంచనా, సమయం, దెబ్బ పడుతుందన్న భయాన్ని తట్టుకోవడం, ఎదుటివాడు మనం అనుకున్నట్టు కదలకపోవడం, ఇవేవీ గోడ నేర్పదు. జూడోనైతే జోడీ లేకుండా ఊహించడమే కష్టం. 1882లో కొడోకాన్ పెట్టిన జిగోరో కానో కటాతో పాటు ఎదురెదురుగా స్వేచ్ఛగా పట్లు పట్టే రాండోరిని మూలస్తంభంగా నిలబెట్టింది అందుకే. ఒంటరిగా కటా చేసిన పిల్ల ఆపదలో తప్పకుండా బయటపడుతుందని ఎవరైనా అంటే ఆ మాట నమ్మకూడదు. ఆ ధీమా ఇవ్వడం ఆ పిల్లకు అన్యాయం చేయడమే. కానీ జోడీతో గడిపే ఆ విలువైన కాస్త సమయాన్ని ఎలా వాడుకుంటున్నామన్నదీ చూడాలి. కాళ్ళలో బలం లేక, ఊపిరి అందక, పిడికిలి ఎలా బిగించాలో ఆలోచించుకుంటూ నిలబడే పిల్లకు ఎదుటి మనిషిని చూసే తీరికే ఉండదు. ఆ ప్రాథమిక పనులు ఆలోచన లేకుండా జరిగే స్థితికి ఒళ్ళు వస్తేనే కళ్ళు ఎదుటి భుజాల మీద నిలుస్తాయి. ఇంట్లో అక్కచెల్లెళ్ళో, వరసైన పిల్లలో ఉంటే దూరం కొలిచే ఆట ఆడొచ్చు: ఒకరు అడుగు ముందుకేస్తే ఇంకొకరు అంతే వెనక్కి, చేయి తగలకుండా. పడగొట్టే పట్లు, మెడ పట్టే పట్లు మాత్రం గచ్చు నేల మీద, పెద్దల చూపు లేనిచోట ఎంతమాత్రం వద్దు.

ఒంటికి దెబ్బ తగలదా అన్న భయానికి పెద్ద జవాబు అక్కర్లేదు, కొన్ని జాగ్రత్తలు చాలు. గాల్లోకి పూర్తి వేగంతో కిక్ విసిరి మోకాలిని చివరిదాకా చాచకూడదు. తగిలి ఆగే వస్తువేదీ లేనప్పుడు ఆ ఊపునంతా కీలు మోస్తుంది. గోడను గుద్దకూడదు. పిట్టగోడ లేని డాబా మీద వెనకడుగులు వద్దు. రోహిణి కార్తెలో ఇక్కడి ఎండ సంగతి చెప్పక్కర్లేదు, సాధన సూర్యుడు రాకముందే అయిపోవాలి.

మిగిలిన అభ్యంతరాన్ని ఎవరూ అభ్యంతరంగా పైకి అనరు. అయితే అన్నిటికన్నా బరువైనది అదే. రాయలకు మైదానమూ మల్లులూ ఉన్నారు, ఫునాకోషి మగవాడు కాబట్టి రాత్రివేళ దీపం పట్టుకుని గురువింటికి నడిచాడు. మర్రిపాడులోనో సీతారామపురంలోనో పద్నాలుగేళ్ళ పిల్ల ఎక్కడ చేయాలి, ఎప్పుడు చేయాలి? పొద్దున్నే నీళ్ళు, కసువు, వంటలో సాయం, తమ్ముణ్ణి తయారుచేయడం. సాయంత్రం మళ్ళీ అవే. పెరట్లో కాలు పైకెత్తితే పక్కింటివాళ్ళు చూస్తారన్న మాట. చోటు సంగతి తేలికే. ఫునాకోషి పదేళ్ళు చేసిన ఆ తెక్కి కటా మొత్తం ఒకే అడ్డగీత మీద, పక్కకు అడుగులు వేస్తూ సాగుతుంది. ముందుకు వెనక్కు పోయే పనే లేదు. వసారా పొడవు చాలు, తలుపు వేసుకున్న గది చాలు, గెంతులూ అరుపులూ అవసరం లేదు. తేలికగా తెగనిది సమయం. ఆడపిల్ల ఆత్మరక్షణ నేర్చుకోవాలని సభల్లో చెప్పేవాళ్ళందరం, ఆ పిల్లకు ఇంట్లో రోజుకు ఇరవై నిమిషాలు పనిలోంచి ఎవరు విడిపిస్తారన్న చోట మౌనంగా ఉంటున్నాం. ఆ ఇరవై నిమిషాలు తమ్ముడు చీపురు పట్టుకుంటే వస్తాయి, నాన్న బిందె మోస్తే వస్తాయి. వాటిని ఇంటి పెద్దలు ఇవ్వకపోతే మాస్టరు ఎన్ని నెలలు ఉన్నా ప్రయోజనం తక్కువే. ఇది కరాటే కన్నా పెద్ద సంగతే గానీ, కరాటే పేరుతోనైనా మొదలైతే నాకు సంతోషం. తన ఒంటి కోసం, తన ఇష్టంతో, ఇంట్లో అందరికీ తెలిసి ఇరవై నిమిషాలు కేటాయించుకునే అలవాటు ఆ పిల్లకు ఏ పంచ్ కన్నా ముందు రక్షణ ఇస్తుందని నేను నిజంగా నమ్ముతాను.

ఇవన్నీ ఒప్పుకుంటే శిక్షణను నడిపే తీరు కూడా మారాలి. అదే డబ్బు, అవే గంటలు, మూడు నెలల్లో వరసగా ఖర్చు పెట్టకుండా విద్యా సంవత్సరం పొడవునా పరచొచ్చు. ఒక మాస్టరు ఒకే బడిలో మూడు నెలలు కూర్చోవడానికి బదులు వారంలో ఒక్కో రోజు ఒక్కో మండలంలో ఉంటాడు: ఇవాళ ఉదయగిరి, రేపు దుత్తలూరు, ఎల్లుండి వింజమూరు, ఆ పై వారం అనంతసాగరం, మర్రిపాడు. ఒక్కో బడికి పదిహేను రోజులకోసారి. వారం వారం ప్రయాణాలు మాస్టరుకు కష్టమే, వాటికయ్యే బస్సు చార్జీలు ఇవ్వాల్సిందే. నేర్పే పాఠం మాత్రం తగ్గాలి. ఏడాదికి ఒక్క కటా, నిలబడే తీరు రెండు, జోడీతో చేసే పని ఒకటి, అంతే. బెల్టు పరీక్ష లేకపోయినా ఫర్వాలేదు. మధ్యలో ఆ పదిహేను రోజులూ పీఈటీ మాస్టారో టీచరమ్మో పొద్దున ప్రార్థనకు ముందు ఐదు నిమిషాలు అదే కటా చేయిస్తే ఇంట్లో మరచిపోయినవాళ్ళకు గుర్తొస్తుంది. మాస్టరు వచ్చిన రోజున ప్రతి పిల్లా ఇంట్లో చేసింది చేసి చూపించాలి. ఆయన ఒక్కొక్కరికి ఒక్క తప్పు మాత్రమే చెప్పి, అది దిద్దుకుని రమ్మని పంపాలి.